ఫణిగిరి శిల్పాల్ని విదేశీ ఎగ్జిబిషన్లకు పంపడం సరైనదేనా?

నాగారం వాసి:
2023 జులై 21 నుంచి నవంబర్ 13 దాకా న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో తొలినాటి బౌద్ధ శిల్పాల ప్రదర్శన జరిగింది. పేరు ‘వృక్షం, సర్పం’. మా సూర్యాపేట జిల్లా ఫణిగిరి తవ్వకాల్లో దొరికిన తోరణం దూలాన్ని, అంటే స్థూపం దగ్గరి రాతి ద్వారానికి పైన అడ్డంగా ఉండే చెక్కుడు రాయిని, కూడా అందులో పెట్టారు. గుట్ట పాము పడగలా ఉంటుందని ఊరికి ఆ పేరు. ఆ గుట్ట చుట్టూ తిరిగి పెరిగిన నేను దూలాన్ని చూసింది మాత్రం ఫోన్‌లోనే. పదిహేడు వందల ఏళ్ల రాయి. దారిలో పగిలితే మళ్లీ చెక్కేవాళ్లు లేరు. అసలు పంపనే కూడదంటాను. మీరేమంటారు?

న్యూజెర్సీ అమ్మ:
తమ్ముడూ, ఆ ప్రదర్శన రెండుసార్లు చూశాను కాబట్టి చెప్తున్నా. తొలి శిల్పాల్లో బుద్ధుడు మనిషి రూపంలో కనిపించడు. ఖాళీ ఆసనం, పాదాల గుర్తులు, బోధివృక్షం, ధర్మచక్రం ఉంటాయి. వాటి ముందు జనం చేతులు జోడించి ఉంటారు. పుస్తకంలో చూసినప్పుడు నాకేమీ అనిపించలేదు. ఎదురుగా నిలబడితే ఆ ఆసనం మీద ఎవరో కూర్చున్నట్టే ఉంది. స్థూపాన్ని చుట్టుకున్న నాగుల్ని చూసి మా అమ్మాయి, “నాగులచవితికి అమ్మమ్మ పాలు పోసేది వీళ్లకేనా?” అని అడిగింది. ఇక్కడ పుట్టిన పిల్ల!

ఇంకో మాట. పెద్దవాళ్లకి టికెట్ 30 డాలర్లు. అదే టికెట్‌తో మ్యూజియం అంతా చూడొచ్చు కదా అని మొదటిసారి ఈజిప్ట్ గదులూ అవీ తిరిగి, దీనికి గంట కూడా మిగుల్చుకోలేదు. రెండోసారి దీని కోసమే వెళ్లాం. నూట పాతికకు పైగా వస్తువులు, మన దేశం నుంచీ, బ్రిటన్, యూరప్‌ల నుంచీ తెచ్చినవి. అవన్నీ ఒక్కచోట మళ్లీ ఎప్పుడు దొరుకుతాయి?

గుంటూరు మాస్టారు:
ఒక తేడా చూడండి. అమరావతి బౌద్ధ స్థూపం నుంచి తీసిన శిల్పాల పలకలు కొన్ని చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో ఉన్నాయి, కొన్ని 1880 నుంచి లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. వాటిని తరలించినప్పుడు మన ఊళ్లవాళ్లని అడిగినవాళ్లు లేరు. ఫణిగిరి దూలం గడువు పెట్టుకుని ఇచ్చిన అరువు. రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు. అయితే నాగారం బాబు భయం ఉత్తది కాదు. అది సున్నపురాయి. పెట్టెలో సర్దడం దగ్గర్నుంచి అక్కడ నిలబెట్టడం దాకా ప్రతి చోటా ప్రమాదం ఉంది.

నాగారం వాసి:
అరువు వేరని ఒప్పుకుంటా మాస్టారూ. అక్కా, మీ అమ్మాయి మాట చదివాక పంపకూడదన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ ఆ ప్రశ్న మా బడిపిల్లలు ఎందుకు అడగలేకపోయారు? బయటికి పంపే ముందు నెల రోజులు సూర్యాపేటలో పెట్టాలి, తెలుగు లేబుళ్లతో. ఊరూరి నుంచి పిల్లల్ని బస్సుల్లో తీసుకురావాలి.

హైదరాబాద్ పాఠకుడు:
అక్కడికి ఒకసారి, ఇక్కడికి ఒకసారి కదిలిస్తే రాయికి రెట్టింపు ప్రమాదం. కాపలా, సరైన హాలు కూడా కావాలి. ఊళ్లో అచ్చు నమూనా పెడితే సరిపోదా?

నాగారం వాసి:
సరిపోదన్నా. అక్క కూతురు నిలబడింది అసలు రాయి ముందు. హాలు లేకపోతే హాలు కట్టమని అడుగుదాం.