యూకేలో ఆడవాళ్ళ సంస్థలో వాలంటీర్‌గా చేరాలనుంది, తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్

గుంటూరు_టీచర్:
అందరికీ నమస్తే. మేము లండన్‌లో హౌన్స్‌లో అనే ఏరియాకి వచ్చి ఎనిమిది నెలలైంది, మా ఆయనది స్కిల్డ్ వర్కర్ వీసా, నేను డిపెండెంట్‌ని. మనూళ్ళో ఆరేళ్ళు హైస్కూల్లో సోషల్ చెప్పాను, ఇక్కడ ఇంకా ఉద్యోగం రాలేదు. మొన్న లైబ్రరీలో నా వెనక కూర్చున్న తెలుగమ్మాయి ఫోన్లో వాళ్ళమ్మతో "పాస్‌పోర్ట్ ఆయన దగ్గరే ఉందమ్మా, అడిగితే ఇవ్వట్లేదు" అంటోంది, నేను తిరిగి చూసేసరికి టక్కున ఫోన్ పెట్టేసి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి నాకు మనసు మనసులో లేదు. ఇంట్లో హింస పడే ఆసియా, ఆఫ్రికా ఆడవాళ్ళ కోసం పనిచేసే సంస్థలు పశ్చిమ లండన్లో సౌతాల్ వైపు ఉన్నాయంటున్నారు, వారానికి ఒకరోజు వెళ్ళగలను. వీసాకేమైనా ఇబ్బందా? నా తెలుగు వాళ్ళకి పనికొస్తుందా?

ఈస్ట్‌హామ్_అక్క:
చెల్లీ, నేను ఆరేళ్ళుగా తూర్పు లండన్లో ఇలాంటి ఒక సంస్థకి ప్రతి బుధవారం వెళ్తున్నా. నీ వీసాకి ఉద్యోగం చేసే హక్కే ఉంది కాబట్టి వాలంటీరింగ్‌కి అడ్డేం లేదు. డీబీఎస్ చెక్ అడుగుతారు, అంటే మన మీద నేరాల రికార్డు ఏమైనా ఉందా అని చూసేది, వాలంటీర్లకి ఆ ఫీజు ఉండదు, కాకపోతే ఐదేళ్ళ అడ్రసులు కావాలి, ఇండియావి కూడా తారీఖులతో రాసిపెట్టుకో.

సౌతాల్ అన్నావంటే సౌతాల్ బ్లాక్ సిస్టర్స్ గురించే విని ఉంటావు, 1979లో మొదలైంది, బ్లాక్ అని ఉంది కదా మనకి కాదేమో అనుకోకు, అప్పట్లో వివక్ష ఎదుర్కొన్న ఆసియా వాళ్ళు కూడా తమని ఆ మాటతోనే చెప్పుకునేవాళ్ళు. కిరణ్‌జీత్ అహ్లువాలియా అని పంజాబీ ఆవిడ, పదేళ్ళు భర్త పెట్టిన హింస పడి పడి 1989లో అతనికి నిప్పంటించింది, అతను చనిపోయాడు, హత్య అని యావజ్జీవం వేస్తే వీళ్ళే ఆవిడ తరఫున పోరాడారు, 1992లో ఆ తీర్పు కొట్టేశారు, ఆవిడ బయటికొచ్చింది.

ఇక తెలుగు సంగతి. పనికొస్తుంది కానీ నువ్వనుకున్నట్టు కాదు. నేను చేరిన కొత్తల్లో ఒకమ్మాయి వచ్చింది (వివరాలు మార్చి చెప్తున్నా), తెలుగులో పలకరిస్తే ప్రాణం లేచొస్తుందనుకున్నా, ఆ పిల్ల మొహం పాలిపోయింది. "మీదే ఊరండీ" అంది, చెప్పా. "అక్కడ ఎవరి తాలూకా" అంది, అదీ చెప్పా. అంతే, ఇక నోరు విప్పలేదు, టీ కప్పు రెండు చేతుల్తో పట్టుకునే కూర్చుంది, పైన మీగడ కట్టేసింది కానీ ఒక్క గుక్క తాగలేదు. తర్వాతి వారం మా గుజరాతీ ఆవిడ దగ్గర వచ్చీరాని హిందీలో అంతా చెప్పుకుంది. మన వాట్సాప్ గ్రూపుల్లో ఒక మాట పడితే సాయంత్రానికల్లా ఊళ్ళో అత్తగారింటికి చేరిపోతుంది కదా, ఆ పిల్ల భయం అదీ. అప్పట్నుంచి నేను ముందే చెప్తా, నేను తెలుగే, మీకు ఇబ్బందైతే వేరే ఆవిడని పిలుస్తా, నేనేం అనుకోను అని. ఊరు అడగను, ఇంటిపేరు అసలే అడగను. అలా చెప్పాక చాలామంది నన్నే ఉండమంటారు.

ఇంకోటి, "నేను మీ ఆయనతో మాట్లాడనా", "పిల్లల కోసం సర్దుకో" ఈ రెండు మాటలు నోట్లోంచి రాకూడదు, మన పెంపకం వల్ల అవే ముందొస్తాయి, ట్రైనింగ్‌లో నాకూ వచ్చాయి.

లెస్టర్_మాస్టర్స్:
స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు మాత్రం జాగ్రత్త అండి. డిగ్రీ, మాస్టర్స్ వాళ్ళకి టర్మ్ టైంలో వారానికి 20 గంటలు కదా, జీతం లేకపోయినా ఫలానా గంటలు తప్పకుండా రావాలి అని ఒప్పందం ఉంటే అదీ ఆ 20లోకే వస్తుంది. నేను యూనివర్సిటీలో అడిగి మెయిల్లో రాయించుకున్నాకే చేరా. అవునక్కా, సాయం కోసం వచ్చినవాళ్ళు వీసా గురించి అడిగితే మనం ఏం చెప్పాలి?

ఈస్ట్‌హామ్_అక్క:
ఏమీ చెప్పకూడదు తమ్ముడూ. రిజిస్ట్రేషన్ లేకుండా ఇమ్మిగ్రేషన్ సలహా ఇవ్వడం ఇక్కడ నేరం, 1999 చట్టం. వాళ్ళకొచ్చిన ఉత్తరంలో ఏముందో చదివి తెలుగులో చెప్పొచ్చు, ఏ ఫారం వేయాలో మాత్రం లాయరే చెప్పాలి. డిపెండెంట్‌గా వచ్చి హింస వల్ల విడిపోయిన వాళ్ళకి 2024 ఫిబ్రవరి నుంచి మూడు నెలల అనుమతి ఒకటి ఇస్తున్నారు, ఆ టైంలో ప్రభుత్వ సాయం అడగొచ్చు, కానీ దానికి అప్లై చేస్తే ఉన్న వీసా పోతుంది, అందుకే ముందు లాయర్ దగ్గరికి పంపాలి. ఈ మధ్య నేను ఎక్కువ చూస్తున్నది ఈ-వీసా గొడవ, అంటే వీసా ఆన్‌లైన్ అకౌంట్లోనే ఉంటుంది, ఆ అకౌంట్‌కి భర్త మెయిలే, భర్త ఫోన్ నంబరే ఇచ్చి ఉంటారు, లాగిన్ కోడ్ ఆయనకి వెళ్తుంది, ఈ పిల్ల తన వీసా తను చూసుకోలేదు.

గుంటూరు_టీచర్:
అక్కా చదువుతుంటే కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. ఆ లైబ్రరీ అమ్మాయి మళ్ళీ కనపడితే ఏం చేయను? ఏదైనా పాంప్లెట్ ఇవ్వనా?

ఈస్ట్‌హామ్_అక్క:
వద్దు, బ్యాగులో దొరికితే ఆ పిల్లకే ప్రమాదం. వెంటపడకు, ఊరికే నవ్వు, రెండుమూడు సార్లు చూశాక తనే మాట్లాడొచ్చు. మాట్లాడితే ఒక్కటి చెప్పు, మొబైల్లోంచి ఇక్కడి ఎమర్జెన్సీ నంబర్ 999 కొట్టి, మాట్లాడలేని పరిస్థితైతే, వాళ్ళు అడిగినప్పుడు 55 నొక్కితే పోలీసులకి కలుపుతారు. కాగితం అక్కర్లేదు, గుర్తుంటుంది.

గుంటూరు_టీచర్:
సరే అక్కా. అప్లికేషన్ ఈ రాత్రికే నింపుతా. రేపు పొద్దున లైబ్రరీ తీసేసరికి వెళ్ళి అదే బల్ల దగ్గర కూర్చుంటా.