గిటార్ యాంప్‌లో ట్యూబులు ఎప్పుడు, ఎలా మార్చాలి?

విశాఖ_తీగలు:
రెండు ఈఎల్84, మూడు 12ఏఎక్స్7 ట్యూబులున్న నా 15 వాట్ల యాంప్ నెల రోజులుగా తేడాగా మోగుతోంది. లావు తీగ మీటినప్పుడల్లా స్వరం వెనకాలే సన్నని గంట మోత వస్తోంది. వాల్యూమ్ పెంచితే అదే కీచుమని సాగి, ఆగడం లేదు. ట్యూబులు వేసి నాలుగేళ్లయింది. రిపేరు చేసే ఆయన ఐదూ మార్చేయాలంటున్నారు. అనుభవమున్నవారు ఏమంటారు?

వాల్వు_రేడియో:
ఐదూ కొనకండి. ముందు లోపం ఏ ట్యూబులో ఉందో తేల్చుకోండి. మీరు చెప్పినవి ప్రీయాంప్ ట్యూబు (గిటార్ నుంచి వచ్చే చిన్న సంకేతాన్ని ముందుగా పెంచేది, మీ 12ఏఎక్స్7లు) మైక్రోఫోనిక్ అయిందనడానికి గుర్తులు: లోపలి లోహపు భాగాలైన గ్రిడ్డో ప్లేటో కాస్త వదులైతే స్పీకరు అదురుకు అది కదులుతుంది, ఆ కదలికను కూడా ట్యూబు సంకేతంగానే పెంచి మళ్లీ స్పీకరుకు పంపుతుంది. గిటార్ కేబుల్ తీసేసి, వాల్యూమ్ సగం పెట్టి, పెన్సిల్‌కు ఉన్న రబ్బరు కొనతో ఒక్కొక్క 12ఏఎక్స్7ను మెల్లగా తట్టండి. ఇన్‌పుట్ జాక్ పక్కనుండే మొదటి ట్యూబు వీ1 మంచిదైనా కొంచెం టక్కుమంటుంది, ఎందుకంటే దాని తర్వాతి దశలన్నీ ఆ శబ్దాన్ని పెంచుతాయి. దానికి కంగారు పడకండి. తట్టడం ఆపాక కూడా మోత నిలిచిందంటే లోపం ఆ ట్యూబులోనే. మా నాన్నగారు రేడియోలు బాగుచేసే రోజుల్లో బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ వారి వాల్వులను ఇలాగే వేలిగోటితో తట్టి చూసేవారు. నిర్ధారించుకోవడానికి మంచి 12ఏఎక్స్7 ఒక్కటి దగ్గర ఉంచుకుంటే చాలు. ఈసీసీ83 అన్నా అదే.

డాలస్_బ్లూస్:
పవర్ ట్యూబులు (స్పీకరును నడిపేవి, మీ ఈఎల్84లు) అరిగిపోవడం ఇలా ఉన్నట్టుండి బయటపడదు. వారానికి రెండుసార్లు బృందంతో వాయించే నాకు ఏడాదిన్నరలో మంద్రం బిగువు తగ్గి, పై స్వరాలు మసకబారాయి. కొత్తవి వేసిన రోజునే ఎంత పోయిందో తెలిసింది. ఇంట్లో చిన్నగా వాయించేవారికి అవి ఎన్నో ఏళ్లు వస్తాయి కాబట్టి సంవత్సరాలు లెక్కపెట్టడం కంటే చెవిని నమ్మడం మేలు. అయితే ప్లేటు ఎర్రగా కాలుతున్నా, గాజు లోపలి వెండి పూత తెల్లబడినా వెంటనే స్విచ్ ఆపేయండి. పూత తెల్లబడిందంటే లోపలికి గాలి చేరినట్టే. గాజు గోడకు అంటుకున్నట్టు కనిపించే నీలి వెలుగుతో మాత్రం ప్రమాదం లేదు.

వాల్వు_రేడియో:
పవర్ ట్యూబులను ఎప్పుడూ సరిజోడుగానే మార్చాలి. బయాస్ అంటే సంకేతం లేనప్పుడు ట్యూబులో ఎంత కరెంటు పారాలో నిర్ణయించే అమరిక. వాక్స్ ఏసీ15 లాంటి, అది దానంతటదే సర్దుకునే క్యాథోడ్ బయాస్ యాంప్‌లలో అంతటితో సరి. ఫెండర్ హాట్ రాడ్ డీలక్స్ లాంటి ఫిక్స్‌డ్ బయాస్ యాంప్‌లో 6ఎల్6 పవర్ ట్యూబులు మార్చిన ప్రతిసారీ బయాస్ సరిచూడాలి. 6ఎల్6జీసీ రకం ట్యూబు ప్లేటు తట్టుకునే గరిష్ఠ పరిమితి 30 వాట్లు, అందులో 70 శాతం 21 వాట్లు. ప్లేటు వోల్టేజి 420 ఉంటే ఒక్కో ట్యూబుకు 50 మిల్లీయాంపియర్ల కరెంటు వస్తుంది. నా దృష్టిలో అది పై హద్దు మాత్రమే, తప్పక చేరవలసిన అంకె కాదు. ఈ పనికి ఛాసిస్ (సర్క్యూట్ ఉండే లోహపు పెట్టె) తెరవవలసి వస్తే మాత్రం దయచేసి తెలిసినవారికే ఇవ్వండి. ప్లగ్గు పీకిన తర్వాత కూడా విద్యుత్తును నిల్వచేసే ఫిల్టర్ కెపాసిటర్లలో 400 వోల్టుల దాకా నిలిచి ఉండి ప్రాణం తీయగలదు. స్పీకరు కలపకుండా యాంప్ ఆన్ చేయడం కూడా వద్దు. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు కాలిపోవచ్చు. 12ఏఎక్స్7లకు బయాస్ సరిచేయవలసిన పని లేదు కాబట్టి వాటిని మీరే మార్చుకోవచ్చు.

విశాఖ_తీగలు:
తట్టి చూశాను. వీ1 టక్కుమని ఊరుకుంది, వీ2 మాత్రం గుడిగంటలా సాగింది. ప్లగ్గు తీసి అరగంట చల్లారనిచ్చి, పాతదాన్ని పైకి లాగాను. కొత్తదానికి ఒక పిన్ను వంగి ఉంటే చిన్న పట్టకారుతో నిలబెట్టి, తొమ్మిది పిన్నుల వరుసలోని ఖాళీని సాకెట్‌లోని ఖాళీకి సరిపెట్టి, నిలువుగా నొక్కాను. మోత పూర్తిగా పోయింది. గదిలో దీపం ఆర్పి ఈఎల్84ల ప్లేట్లు కూడా చూశాను, ఎరుపు ఎక్కడా లేదు. ఆ జతను ప్రస్తుతానికి కదిలించడం లేదు.