కాఫ్‌మన్-రెన్‌కి ఈసారి కూడా ఆల్ బిగ్ టెన్ ఫస్ట్ టీమ్ వస్తుందంటారా?

బోయిలర్_ఎంఎస్ (అక్టోబర్ 2025)

అందరికీ నమస్తే. అమెరికాలో పర్డ్యూ యూనివర్సిటీలో మాస్టర్స్ రెండో ఏడాది చేస్తున్నాను. ఇండియాలో ఉన్నన్నాళ్లూ క్రికెట్ తప్ప ఇంకో ఆట పట్టించుకోలేదు, ఇక్కడికి వచ్చాక రూమ్మేట్ బలవంతం మీద మా కాలేజీ బాస్కెట్‌బాల్ మ్యాచ్ చూడ్డానికి మాకీ అరీనాకి వెళ్లాను, అంతే, ఇక వదల్లేకపోతున్నాను. మార్చిలో ఇండియానాపొలిస్‌లో హ్యూస్టన్ చేతిలో 62-60తో ఓడిన రాత్రి నిజంగా నిద్ర పట్టలేదు.

నా ప్రశ్న మా ఫార్వర్డ్ ట్రే కాఫ్‌మన్-రెన్ గురించి, మా కాలేజీ ఆడే బిగ్ టెన్ కాన్ఫరెన్స్ (కాలేజీల లీగ్) ఏటా ఎంచే బెస్ట్ ఐదుగురిలో, అదే ఆల్ బిగ్ టెన్ ఫస్ట్ టీమ్‌లో, ఈసారీ ఉంటాడా అని. మా గార్డు (బంతి నడిపించేవాడు) బ్రేడన్ స్మిత్‌కి ఎలాగూ వస్తుంది, పోయిన ఏడాది బిగ్ టెన్ ప్లేయర్ ఆఫ్ ది ఇయర్ అతనే కాబట్టి దాని మీద చర్చ అక్కర్లేదు. కాఫ్‌మన్-రెన్ పోయిన సీజన్‌లో మ్యాచ్‌కి 20.1 పాయింట్లు కొట్టి ఫస్ట్ టీమ్‌లో నిలిచాడు. ఇప్పుడేమో సౌత్ డకోటా స్టేట్ నుంచి ఆస్కర్ క్లఫ్ వచ్చాడు, కాలు విరిగి సీజన్ అంతా బయట కూర్చున్న 7 అడుగుల 4 అంగుళాల డేనియల్ జేకబ్సన్ కూడా తిరిగొస్తున్నాడు. ఇంతమంది పొడుగువాళ్లు లోపల చేరితే ఇతని పాయింట్లు తగ్గవా? తగ్గితే ఫస్ట్ టీమ్ పోతుందా? అసలు ఈ ఎంపిక ఎలా జరుగుతుందో కూడా ఎవరైనా కాస్త వివరంగా చెప్పండి, నెట్‌లో ముక్కలు ముక్కలుగా చదివితే బుర్రకెక్కలేదు.

మిడ్‌వెస్ట్_హూప్స్

ముందు ఎంపిక సంగతి చెప్తాను బ్రో, అది తెలిస్తే సగం జవాబు దొరుకుతుంది. ఐపీఎల్‌లో ఆరెంజ్ క్యాప్ లాగా లెక్క చూసి ఇచ్చేది కాదు ఇది, ఓటు. కోచ్‌లు ఒక లిస్టు, బిగ్ టెన్‌ని కవర్ చేసే మీడియా వాళ్లు ఇంకో లిస్టు, విడివిడిగా వేస్తారు, రెండూ ఒకేలా ఉండాలని లేదు. ఒక్కో లిస్టులో ఫస్ట్, సెకండ్, థర్డ్ టీమ్‌లు ఉంటాయి, ఒక్కోదాంట్లో ఐదుగురు, ఆ కింద ఆనరబుల్ మెన్షన్. 2024లో యూసీఎల్‌ఏ, యూఎస్‌సీ, ఓరెగన్, వాషింగ్టన్ వచ్చి చేరాక మొత్తం 18 కాలేజీలయ్యాయి. ఒక్కో టీమ్‌లో కనీసం పది మంది ఆడతారనుకున్నా 180 మందికి పైగా పోటీ, ఫస్ట్ టీమ్‌లో సీట్లు ఐదే.

ఇంకో ముఖ్యమైన విషయం, లిస్టు మార్చిలో కాన్ఫరెన్స్ టోర్నమెంట్ మొదలయ్యే ముందే వచ్చేస్తుంది. అంటే ఈసారి చికాగోలో జరిగే ఆ టోర్నమెంట్‌లో 40 పాయింట్లు కొట్టినా, ఆ తర్వాత జాతీయ స్థాయి ఎన్‌సీఏఏ టోర్నీలో ఎంత ఆడినా ఈ లిస్టుకి పనికిరాదు. కాన్ఫరెన్స్‌లో ఆడే 20 మ్యాచ్‌ల మీదే అందరి చూపూ.

జట్టు ఎలా ఆడిందన్నది కూడా చాలా పెద్ద విషయం. పోయిన ఏడాది రట్గర్స్‌నే చూడు. డిలన్ హార్పర్, ఏస్ బెయిలీ ఇద్దరూ ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో రెండో, ఐదో స్థానాల్లో పోయారు, అంత టాలెంట్. కానీ జట్టు 15 గెలిచి 17 ఓడింది, ఇద్దరిలో ఒక్కరికీ ఫస్ట్ టీమ్ దక్కలేదు. పర్డ్యూ ఇప్పుడు అసోసియేటెడ్ ప్రెస్ ప్రీసీజన్ ర్యాంకింగ్స్‌లో నంబర్ వన్, పర్డ్యూ చరిత్రలోనే మొదటిసారి. ఆ ర్యాంకు దగ్గర్లో నిలబడితే మీవాడి పాయింట్లు 20 నుంచి 16కి పడినా ఓటు వేసేవాళ్లు పెద్దగా పట్టించుకోరని నా నమ్మకం.

పోస్ట్_అప్

పైన చెప్పిన ఎంపిక పద్ధతితో గొడవ లేదు, కానీ చివరి వాక్యంతో నేను ఒప్పుకోను. పాయింట్లు తగ్గడం కాదు భయం, ఎక్కడ నిలబడి ఆడతాడన్నది. పోయిన ఏడాది జేకబ్సన్ రెండో మ్యాచ్‌లోనే పడిపోవడంతో కాఫ్‌మన్-రెన్ ఎక్కువసేపు సెంటర్‌గా (బాస్కెట్ దగ్గర ఆడే పొడుగువాడి స్థానంలో) ఆడాల్సి వచ్చింది. 6 అడుగుల 9 అంగుళాలవాడు సెంటర్ అంటే డిఫెన్స్‌లో కష్టమే, కానీ అటాక్‌లో అదే అతనికి కలిసొచ్చింది, ఎందుకంటే స్మిత్‌కి స్క్రీన్ పెట్టి (అతన్ని కాసేవాడికి అడ్డుగా నిలబడి) బాస్కెట్ వైపు దూసుకెళ్తే ముందు ఖాళీ ఉండేది, అవతలి సెంటర్ బయటికి లాగబడి ఉండేవాడు, ఇతను ఫ్రీ త్రో లైన్ దాటాక బంతి అందుకుని బంతిని మెల్లగా పైకి లేపి వేసే ఆ చిన్న ఫ్లోటర్ లాంటి షాట్ వేసేవాడు. త్రీ పాయింటర్లు అతను వేసేది చాలా తక్కువ.

ఇప్పుడు క్లఫ్ బాస్కెట్ కింద ఉంటే అతన్ని కాపలా కాసేవాడు కూడా అక్కడే ఉంటాడు కదా. ఆ ఖాళీ ఎక్కడిది? కాఫ్‌మన్-రెన్ ఇంతకుముందు ఒక భారీ సెంటర్ పక్కన ఫోర్‌గా (పవర్ ఫార్వర్డ్‌గా) మొదలుపెట్టిన సీజన్ 2023-24, జాక్ ఎడీతో. అప్పుడు అతని సగటు 6.4. గట్టి మ్యాచ్‌ల ఆఖరి నిమిషాల్లో బెంచ్ మీద నుంచి వచ్చిన మేసన్ గిల్లిస్‌నే చాలాసార్లు వాడుకున్నారు, ఆ ఏడాది బెంచ్ నుంచి వచ్చేవాళ్లలో బెస్ట్‌కి ఇచ్చే బిగ్ టెన్ సిక్స్త్ మ్యాన్ అవార్డు కూడా గిల్లిస్‌కే వచ్చింది.

దానికి తోడు ఈసారి పోటీ మామూలుగా లేదు. మిషిగన్‌కి యూఏబీ నుంచి యాక్సెల్ లెండెబోర్గ్ వచ్చాడు, పాయింట్లు, రీబౌండ్లు (తప్పిన షాట్ల బంతి అందుకోవడం), పాసులు, డిఫెన్స్ అన్నీ చేస్తాడు, పైగా సరిగ్గా ఇదే పొజిషన్. అయోవాకి డ్రేక్ నుంచి కోచ్‌తో పాటే బెనెట్ స్టర్ట్జ్, యూసీఎల్‌ఏకి న్యూ మెక్సికో నుంచి డానవన్ డెంట్. వీళ్లిద్దరూ తమ పాత కాన్ఫరెన్సుల్లో పోయిన ఏడాది ప్లేయర్ ఆఫ్ ది ఇయర్‌లు. ఇండియానాలో టకర్ డివ్రీస్ ఉన్నాడు, ఒహైయో స్టేట్‌లో బ్రూస్ థోర్న్‌టన్, విస్కాన్సిన్‌లో జాన్ బ్లాక్‌వెల్. స్మిత్‌కి ఒక సీటు రాసిపెట్టేస్తే మిగిలేవి నాలుగు. ఇందులో ఎవరిని తీసేస్తారు?

బోయిలర్_ఎంఎస్

ఇది చదివాక టెన్షన్ ఇంకా పెరిగింది అన్నా 😟 ఒక చిన్న డౌటు. స్మిత్ ఉన్నాడు కాబట్టి ఒకే కాలేజీ నుంచి ఇద్దరెందుకు అని కోచ్‌లు రెండోవాణ్ని పక్కన పెట్టే అవకాశం ఉందా?

తెల్లారి_మ్యాచ్

విజయవాడ నుంచి. అక్కడ రాత్రి ఏడింటికి మొదలయ్యే మ్యాచ్ చలికాలంలో నాకు తెల్లవారుజామున ఐదున్నరకి, అలారం పెట్టుకుని లేచి చూసే బాపతు నేను, ఎడీ రోజుల నుంచీ.

తమ్ముడూ, ఆ డౌటు అస్సలు పెట్టుకోకు. 2024లో ఎడీ, స్మిత్ ఇద్దరూ ఫస్ట్ టీమే. 2025లో స్మిత్, కాఫ్‌మన్-రెన్ ఇద్దరూ ఫస్ట్ టీమే. వరసగా రెండేళ్లు ఒకే కాలేజీకి రెండు సీట్లు ఇచ్చారు, మూడో ఏడాది ఇవ్వకూడదని ఎవరూ అనుకోరు, అదీ జట్టు నంబర్ వన్‌గా ఉన్నప్పుడు. చాలా కాన్ఫరెన్సుల్లో కోచ్ తన ఆటగాడికి తాను ఓటు వేసుకోకూడదు కాబట్టి ఇది పర్డ్యూ కోచ్ మ్యాట్ పెయింటర్ చేతిలో ఉండే విషయం కాదు, కాఫ్‌మన్-రెన్‌ని ఆపలేక ఓడినవాళ్లే వేయాలి. వాళ్లకి అతనెంత తలనొప్పో బాగా తెలుసు.

పోస్ట్_అప్ గారూ, 6.4 పాయింట్ల సంగతి అంటే ఒక్క మాట చెప్పాలి. ఆ ఏడాది ఎడీ ఒక్కడే మ్యాచ్‌కి 25.2 పాయింట్లు కొట్టాడు. జట్టు మొత్తం బంతిని అతనికే ఇవ్వడానికి ఆడేది, పక్కనున్న ఫోర్‌కి మిగిలేదేముంటుంది? క్లఫ్ అలాంటివాడు కాదు. పోయిన ఏడాది మ్యాచ్‌కి 12 రీబౌండ్లకు పైగా తీసిన మనిషి, స్క్రీన్లు పెడతాడు, తప్పిన షాట్లు ఏరుకుని వేస్తాడు, తన కోసం ఆట ఆపించే రకం కాదు. సెంటర్‌ని కాపలా కాసే బరువు, ఆ ఫౌళ్లు క్లఫ్ మీదికి పోతే కాఫ్‌మన్-రెన్ ఆఖరి ఐదు నిమిషాల్లో అలిసిపోకుండా ఉంటాడు. పోయిన సీజన్ ఫిబ్రవరిలో వరసగా ఓడినప్పుడు నేను చూసింది అదే, పాపం రెండు వైపులా మోసి మోసి కాళ్లు లాగేవి. ఆ బాధ చూసినవాణ్ని కాబట్టి క్లఫ్ రావడం నాకు వరంలా అనిపిస్తోంది.

అసలు అన్నిటికంటే పెద్ద భరోసా స్మిత్. బాబీ హర్లీ 1993లో డ్యూక్‌లో వదిలిపెట్టిన 1,076 అసిస్ట్‌ల (బాస్కెట్‌కి దారితీసే పాసుల) రికార్డు మీద కన్నేసిన గార్డు అతను. ఆ అసిస్ట్‌లన్నీ ఎవరో ఒకరు బాస్కెట్‌లో వేస్తేనే కదా లెక్కకొచ్చేది. ఇంకో గార్డు ఫ్లెచర్ లోయర్ బయటి నుంచి కొన్ని వేస్తాడు, లోపల నుంచి ఎక్కువ వేయబోయేది కాఫ్‌మన్-రెన్‌నే.

పోస్ట్_అప్

ఎడీ విషయం ఒప్పుకుంటాను, ఆ పోలిక క్లఫ్‌కి సరిపోదు. అలసట మాట కూడా నిజమే. కానీ ఖాళీ సమస్య అలాగే ఉంది. దానికి నాకు కనిపించే దారి ఒక్కటే, రీబౌండ్లు. పోయిన ఏడాది 6.5 దగ్గర ఆగాడు, ఫస్ట్ టీమ్ ఫార్వర్డ్‌కి అది తక్కువే, అప్పుడు 20 పాయింట్లు దాన్ని కప్పేశాయి. ఈసారి అవతలి సెంటర్ క్లఫ్‌ని అడ్డుకోవడంలో మునిగిపోతాడు కాబట్టి ఇతనికి చిన్నవాళ్ల మీద బంతి అందుకునే అవకాశం పెరుగుతుంది. 16 పాయింట్లు, 8 లేదా 9 రీబౌండ్లు అయితే ఎవరూ వేలెత్తి చూపలేరు. 16 పాయింట్లు, 6 రీబౌండ్లు అయితే లెండెబోర్గ్ పక్కన పెట్టి చూసినప్పుడు సెకండ్ టీమే.

మిడ్‌వెస్ట్_హూప్స్

ఈ లెక్క నాకూ నచ్చింది. బోయిలర్ బ్రో, డిసెంబర్‌లో రెండు కాన్ఫరెన్స్ మ్యాచ్‌లు ఉంటాయి, మిగతావి జనవరి నుంచి. స్కోరు కార్డులో పాయింట్ల గడి కంటే ముందు రీబౌండ్ల గడి చూడు, క్లఫ్, అతను కలిసి కోర్టులో ఉన్న నిమిషాల్లో ఆ ఫ్లోటర్ ఎన్నిసార్లు దొరుకుతోందో చూడు. స్టూడెంట్ టికెట్ ఉంది కాబట్టి టీవీలో కంటే నీకే బాగా కనిపిస్తుంది, మాక్కూడా ఇక్కడ రాస్తుండు.

నా అంచనా అడిగితే, కోచ్‌ల లిస్టులో ఫస్ట్ టీమ్, మీడియా లిస్టులో సెకండ్. మీడియాకి కొత్త పేర్లంటే మోజు, స్టర్ట్జ్, డెంట్ లాంటివాళ్ల మీద రాయడానికి కథలుంటాయి. కోచ్‌లు మాత్రం అతన్ని ఆపడానికి రాత్రంతా వీడియోలు చూసినవాళ్లు.