తక్కువ బరువుతో పుట్టడం వల్లే జన్యువుల తీరు మారుతుందా?

వెటర్నరీ విద్యార్థి: సెమినార్ కోసం చదువుతుంటే ఎక్కడ చూసినా ఒకటే మాట. తక్కువ బరువుతో పుట్టిన జంతు పిల్లల్లో జన్యువుల వ్యక్తీకరణ మారుతుందట, పెద్దయ్యాక షుగర్, బీపీ లాంటివి వస్తాయట. డీఎన్ఏ అక్షరాలు మారవు, ఏ జన్యువు ఎంత పనిచేయాలన్నదే మారుతుంది, అంతవరకు అర్థమైంది. నా అనుమానం వేరు. బరువు తగ్గడమే దీనికి కారణమా, లేక బరువునూ జన్యువులనూ కలిపి దెబ్బతీసింది ఇంకేదైనా ఉందా?

నీలిసిరా: బరువే అనడానికి పంది పిల్లలు చాలవా? ఒకే ఈత, ఒకే తల్లి, ఒకే మేత. అయినా ఒక పిల్ల కిలోన్నర తూగితే పక్కది కిలో కూడా ఉండదు. ఆ చిన్నదాన్ని దగ్గర నుంచి చూడండి. ఒంటికి మించిన తల, ముందుకు ఉబ్బిన నుదురు. ఉన్న కాస్త రక్తం ముందు మెదడుకు పోయింది, కాలేయానికీ పేగులకూ కండకూ మిగిలింది తక్కువ. కండలో పోగుల సంఖ్య కూడా తక్కువే, పుట్టాక ఆ లోటు పెద్దగా పూడదు. అలాంటి అవయవాల్లో జన్యువులు తోబుట్టువుల్లో లాగే పనిచేస్తాయా?

కణశోధి: నీలిసిరా గారూ, మీ ఉదాహరణే మీకు ఎదురు తిరుగుతోంది. తల్లి ఒకటే గానీ మావి (ప్లాసెంటా, తల్లి నుంచి పిల్లకు పోషణ అందించేది) ఒకటి కాదు. ఏ పిల్ల మావి దానిదే. కిక్కిరిసిన చోట ఇరుక్కున్న పిల్లకు మావి చిన్నది, అందే రక్తమూ తక్కువ. బరువు తగ్గడం దాని ఫలితం. పైగా ఒక ఈత పిల్లలన్నీ అచ్చు కవలలు కావు, ఒక్కో పిల్లకు వచ్చిన జన్యువుల వాటా వేరు.

అసలు చిక్కు గొర్రెల ప్రయోగంతో వస్తుంది. 2007లో సింక్లెయిర్ బృందం తల్లి గొర్రెల మేతలో బీ12, ఫోలేట్ విటమిన్లూ మెథియోనిన్ అనే అమైనో ఆమ్లమూ తగ్గించింది. అదీ చూలు కట్టడానికి ఎనిమిది వారాల ముందు నుంచి, కట్టాక ఆరో రోజు వరకే. తర్వాత పిండాలను మామూలు మేత తిన్న గొర్రెల్లోకి మార్చారు. పిల్లలు మామూలు బరువుతోనే పుట్టాయి. కానీ పెద్దయ్యాక కొవ్వు పట్టాయి, ఇన్సులిన్ సరిగా పనిచేయలేదు, బీపీ పెరిగింది, ముఖ్యంగా పొట్టేళ్లలో. పిండం కాలేయంలో మిథైలేషన్ గుర్తులూ (డీఎన్ఏకి అంటుకుని జన్యువు పనిని మార్చే రసాయన గుర్తులు) కొన్నిచోట్ల మారాయి. బరువు తగ్గకుండానే ఇదంతా జరిగితే, బరువును ముద్దాయిగా ఎలా నిలబెడతాం?

పాతకాపు: జన్యువుల వాటా అన్నారు కాబట్టి ఒక పాత ప్రయోగం చెబుతా. 1938లో వాల్టన్, హామండ్ భారీ షైర్ గుర్రాలనూ పొట్టి షెట్లాండ్ గుర్రాలనూ అటూ ఇటూ కలిపారు. రెండు వైపులా జన్యు మిశ్రమం దాదాపు ఒకటే. అయినా షైర్ తల్లికి పుట్టిన పిల్ల షెట్లాండ్ తల్లికి పుట్టినదానికి దాదాపు మూడింతలు తూగింది. అంటే బరువులో తల్లి కడుపుదే పెద్ద చెయ్యి. అలాగని ఆ చిన్న పిల్లను రోగిష్టిది అనలేం కదా.

నీలిసిరా: గొర్రెల సంగతి ఒప్పుకుంటా. మరి ఎలుకల మాటేంటి? చూడి ఎలుకకు చివరి రోజుల్లో గర్భసంచి రక్తనాళాలు కట్టేస్తే పిల్లలు చిన్నగా పుడతాయి. క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలకు కీలకమైన పీడీఎక్స్1 జన్యువు కడుపులో ఉండగానే మందగిస్తుంది. 2008లో సిమన్స్ బృందం ఇది ఏ వరసలో జరుగుతుందో చూపించింది. ముందు హిస్టోన్ల (డీఎన్ఏ చుట్టుకుని ఉండే ప్రోటీన్ల) మీది, జన్యువును పనిచేయనిచ్చే ఎసిటైల్ గుర్తులు పోతాయి. పుట్టాక హిస్టోన్ల మీద జన్యువును అణిచే గుర్తులు చేరతాయి. డీఎన్ఏ మిథైలేషన్ మాత్రం పెద్దయ్యాకే, షుగర్ ముదిరాకే వచ్చి తాళం వేస్తుంది. పుట్టిన కొత్తలో తీసిన కణాల్లో ఆ ఎసిటైల్ గుర్తులను తీసేసే డీఎసిటైలేజ్ ఎంజైమ్‌ను ఆపితే జన్యువు మళ్లీ లేచింది. చిన్నగా పుట్టడంతో మొదలైనది పుట్టాక కూడా ఆగలేదు.

కణశోధి: మంచి ప్రయోగమే, కానీ అక్కడా కత్తెర పడింది రక్తానికి. ఇంకో మాట, ఇది మీ ఒక్కరికే కాదు. చాలా పేపర్లలో కాలేయం ముక్కనో కండ ముక్కనో మొత్తంగా నూరి, ఏ జన్యువు ఎంత పనిచేస్తోందో చెప్పే ఆర్ఎన్ఏ తీస్తారు. చిన్న పిల్లలో ఒక రకం కణాలే తక్కువ ఉంటే, ఆ కణాల జన్యువులన్నీ తగ్గినట్టే కనిపిస్తాయి. ఏ కణంలోనూ ఏ స్విచ్చూ మారి ఉండకపోవచ్చు. కణాలను విడదీసి కొలవని పేపర్ చూస్తే నాకు టెన్షనే.

వెటర్నరీ విద్యార్థి: మరి పుట్టాక బాగా మేపితే సర్దుకోదా?

పాతకాపు: సర్దుకుంటుందనే అందరి నమ్మకం. 2004లో ఒజాన్, హేల్స్ చుంచులతో చేసింది చదవండి. ప్రోటీన్ తక్కువ తిన్న తల్లికి పుట్టిన పిల్లల్ని బాగా తిన్న తల్లి దగ్గర పాలు తాగించారు. బరువు ఇట్టే అందుకున్నాయి, కానీ తక్కువ కాలం బతికాయి. మామూలు బరువుతో పుట్టి, ప్రోటీన్ తక్కువ తిన్న తల్లి పాలు తాగినవి ఎక్కువ కాలం బతికాయి. దెబ్బ కొట్టింది పుట్టిన బరువా, ఆ తర్వాత బరువు అందుకోవడానికి తీసిన పరుగా అన్నది కూడా మీ సెమినార్‌లో అడగండి.

నీలిసిరా: ఇన్ని విన్నాక కూడా తూకం యంత్రాన్ని మూల పెట్టను. మావికి ఎంత రక్తం వచ్చిందో ఫారంలో ఎవరూ కొలవలేరు. పుట్టిన గంటలో చేతికి దొరికే అంకె బరువు ఒక్కటే, కిలోకి తక్కువున్న పంది పిల్లల్లో చావులు ఎక్కువన్నదీ నిజమే. కారణం కాదంటే కాదనండి, ఏ పిల్లను ముందు పొదుగుకు పట్టించాలో మాత్రం దాన్ని చూసే తేలుస్తా.

కణశోధి: దానికి నాకు అభ్యంతరం లేదండీ. పేపర్ శీర్షికలో «వల్ల» అని రాస్తేనే అభ్యంతరం.