బరంపురం పంపిన జీడిపప్పుకి ఏ జీఎస్టీ వేయాలి?

కాశీబుగ్గ కోడలు:
నమస్తే అండి. మాది కాశీబుగ్గలో చిన్న జీడిపప్పు వ్యాపారం. ఇన్నాళ్ళూ లెక్కలన్నీ మా మామయ్య గారే చూసుకునేవారు. ఆయనకి కంటి ఆపరేషన్ అయ్యాక ఈ నెల నుంచి బిల్లులు నేను రాస్తున్నాను.

మొన్న ఒడిశాలోని బరంపురం స్వీట్ షాపు వాళ్ళకి పది కిలోల టిన్నులు 12 లారీకి వేశాం. పన్నుతో కలిపి కిలో 840కి మాట్లాడుకున్నాం. మొత్తం 1,00,800. అందులో 5 శాతం 5,040 కదా అని, సీజీఎస్టీ (కేంద్రం వాటా) 2,520, ఎస్జీఎస్టీ (రాష్ట్రం వాటా) 2,520 వేసి, సరుకు విలువ 95,760 అని రాశాను. నిన్న ఆ షాపాయన ఫోన్ చేసి “అమ్మా, ఈ బిల్లుతో నాకు క్రెడిట్ రాదు, మీకిచ్చిన పన్ను నేను కట్టే పన్నులో తగ్గించుకోలేను, మార్చండి” అన్నారు. ఎన్నో ఏళ్ళుగా మా దగ్గరే కొంటున్న మనిషి. నా వల్ల ఆయనకి నష్టమేమోనని రాత్రి నిద్ర పట్టలేదు. ఎక్కడ తప్పు చేశాను?

విజయనగరం అకౌంటెంట్:
టెన్షన్ పడకండమ్మా. తప్పులు రెండున్నాయి, రెండూ దిద్దుకోవచ్చు.

ముందు లెక్క. 5 శాతం సరుకు విలువ మీద వేయాలి, పన్ను కలిసిన మొత్తం మీద కాదు. 100 రూపాయల సరుకు పన్నుతో 105 అవుతుంది. కాబట్టి పన్ను కలిసిన మొత్తాన్ని 1.05తో భాగించాలి. మీ 1,00,800లో సరుకు 96,000, పన్ను 4,800. కిలోకి చూసినా 800 సరుకు, 40 పన్ను. మీరు 240 ఎక్కువ చూపించారు.

అసలు చిక్కు రెండోది. ఆయన జీఎస్టీ నంబరులో మొదటి రెండు అంకెలు చూడండి. అవి రాష్ట్రం కోడ్. మన ఆంధ్రాకి 37, ఒడిశాకి 21. సరుకు దిగేది మన రాష్ట్రంలోనే అయితే 2.5 కేంద్రానికి, 2.5 రాష్ట్రానికి. రాష్ట్రం దాటితే మొత్తం 5 శాతం ఐజీఎస్టీయే. అది ముందు కేంద్రానికి చేరుతుంది, అక్కణ్ణించి సరుకు వాడుకునే రాష్ట్రానికి దాని వాటా వెళ్తుంది. మీ బిల్లులో ఒడిశాకి పోవలసిన వాటా ఆంధ్రాకి రాసేశారు. మన ఎస్జీఎస్టీ అక్కడి వ్యాపారికి పనికిరాదు. ఆయన చెప్పింది న్యాయమే.

ఇంతకీ జీఎస్టీఆర్ వన్, అదే ఈ నెల అమ్మకాల రిటర్ను, వేసేశారా?

కాశీబుగ్గ కోడలు:
లేదండి. వచ్చే నెల 11 లోపు కదా.

విజయనగరం అకౌంటెంట్:
అయితే మంచిదే. పాత బిల్లుకి క్రెడిట్ నోట్ (ఆ బిల్లు మొత్తాన్ని తగ్గించే కాగితం) ఇచ్చి, ఐజీఎస్టీతో కొత్త బిల్లు రాయండి. రెండూ ఈ నెలలోనే చూపించండి. పన్ను కట్టేశాక తెలిసినా దారి ఉంది. ఐజీఎస్టీ మళ్ళీ కట్టి, పొరపాటున కట్టింది రెండేళ్ళ లోపు వాపసు అడగొచ్చు, వడ్డీ కూడా పడదు. కాని ఆ వాపసు వచ్చేదాకా చిన్న వ్యాపారికి డబ్బు ఇరుక్కుపోతుంది.

ఇచ్ఛాపురం కిరాణా:
చెల్లెమ్మా, మా కొట్టు బోర్డర్ పక్కనే, ఒడిశా జనం రోజూ వస్తారు. జీఎస్టీ నంబరు లేనివాళ్ళు కౌంటర్లో కొనుక్కుని పోతే, బిల్లు మీద అడ్రస్ లేనప్పుడు మన రాష్ట్రం అమ్మకమే. ఒడిశా అని రాశారో, ఐజీఎస్టీ వేయాలి. 2023 అక్టోబరు నుంచి ఇలాగే. ఇంకోటి, ఉప్పు, కారం వేసి వేయించిన పప్పుకి ఇదివరకు 12 శాతం ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి అదీ 5 అయింది. పాత బిల్లు పుస్తకం చూసి రాయకండి.

కాశీబుగ్గ కోడలు:
చాలా థాంక్స్ అండి, అన్నయ్యా మీకు కూడా. క్రెడిట్ నోట్, కొత్త బిల్లు రెండూ రాశాను. 96,000, ఐజీఎస్టీ 4,800. మామయ్య గారికి చదివి వినిపిస్తే, “మరి ఉద్దానం రైతుల దగ్గర కొన్న పిక్కల బస్తాల పన్ను రాశావా?” అని అడిగారు. పిక్కలంటే పెంకు తీయని జీడిగింజలు. నేను రాయలేదు. రైతు బిల్లు ఇవ్వడు కదండీ?

విజయనగరం అకౌంటెంట్:
మామయ్య గారు సరిగ్గా పట్టుకున్నారు. రైతు దగ్గర పిక్కలు కొంటే ఆ 5 శాతం రైతు కట్టడు, రిజిస్ట్రేషన్ ఉన్న మీరే కట్టాలి. అదీ డబ్బుగానే, ఉన్న క్రెడిట్‌లోంచి కుదరదు. కట్టాక అదే మీకు క్రెడిట్‌గా వస్తుంది, పప్పు అమ్మినప్పుడు వాడుకోవచ్చు. బిల్లు కూడా మీరే రాసుకోవాలి. ఈ నెల ఏ రైతు దగ్గర ఎన్ని బస్తాలు, ఏ రేటుకి కొన్నారో రాసి పెట్టండి, కలిసి చూద్దాం.