అప్‌డేట్: ఒడిశాలోని పర్లాకిమిడిలో మా పాప ఇంటి చదువు

పాపను ఒడియా మీడియం బడి మాన్పించి ఇంట్లోనే తెలుగులో చెబితే పదో తరగతి ఎలా రాయించాలని అడిగాను కదా. మీరు చెప్పిన ఎన్‌ఐఓఎస్ (బడికి వెళ్లకుండానే పరీక్ష రాయించే జాతీయ ఓపెన్ స్కూల్) దారే పట్టాం. పదికి 14 ఏళ్లు నిండాలి, అయిదు సబ్జెక్టులు చాలు, తెలుగు మీడియం ఉంది. పరీక్షలు ఏడాదికి రెండుసార్లు. ఒకదాంట్లో తప్పితే అదొక్కటే మళ్లీ రాయొచ్చని తెలిశాక నా టెన్షన్ సగం దిగింది.

లెక్కలు వాళ్ల నాన్నవి. దుకాణంలో చింతపండు తూకం వేయిస్తూ, బస్తాలో తరుగు పోగా ఎంత మిగిలిందో శాతాల్లో చెప్పమంటారు. పాప బిల్లు వెనకే చేసేస్తోంది!

ఒడియా మాత్రం వదల్లేదు. బజారులో, ఆఫీసుల్లో అది లేకపోతే పనవదు. పక్కింటి మావుసి (ఒడియాలో పిన్ని) సాయంత్రాలు చదివిస్తున్నారు. బడి మాన్పించామని మా అత్తగారి సణుగుడు మాత్రం అలాగే ఉంది.