నడుము స్ట్రెస్ ఫ్రాక్చర్ తర్వాత మళ్లీ ఫాస్ట్ బౌలింగ్: ఎన్ని బంతులతో మొదలుపెట్టాలి?

అనంతపురం_నెట్స్:
మా దగ్గర 17 ఏళ్ల కుడిచేతి ఫాస్ట్ బౌలర్ ఉన్నాడు. నడుములో ఎడమ పక్క, ఎల్5 (నడుములో అన్నిటికంటే కింది పూస) దగ్గర స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే పదే పదే ఒత్తిడి పడి ఎముకలో వచ్చే సన్నని పగులు, అని ఎమ్మారైలో తేలింది. నాలుగు నెలలు బంతి పట్టనివ్వలేదు. ఇప్పుడు నొప్పి లేదు. మళ్లీ స్కాన్ చూసి ఎముక అతుక్కుంది, మెల్లగా మొదలుపెట్టుకోవచ్చు అన్నారు డాక్టర్. ఆ మెల్లగా అంటే రోజుకు ఎన్ని బంతులు, వారానికి ఎన్ని రోజులు? సెలెక్షన్లు ఆరు వారాల్లో ఉన్నాయి, అప్పటికి సిద్ధం చేయమని వాళ్ల నాయన పట్టుబడుతున్నాడు. బుమ్రా, ఆస్ట్రేలియా బౌలర్ కమిన్స్ ఇదే దెబ్బ నుంచి ఎట్ల తిరిగొచ్చారో వివరంగా తెలిసినవాళ్లు చెప్పండి.

ఫిజియో_కర్నూలు:
అన్నా, ఆరు వారాల మాట ముందు పక్కన పెట్టండి. ఎముక అతుక్కోవడం వేరు, బౌలింగ్ బరువు మోయడం వేరు. ముందు కాలు నేల తాకిన క్షణంలో ఒంటి బరువుకు ఎన్నో రెట్ల దెబ్బ కింది నుంచి నడుముకు వస్తుంది. కుడిచేతి బౌలర్ ఒళ్లు సరిగ్గా అప్పుడే ఎడమ పక్కకు వంగి, మెలి తిరుగుతుంది. అందుకే పగులు ఎక్కువగా ఎడమవైపే వస్తుంది. నాలుగు నెలల విశ్రాంతిలో ఆ పూస చుట్టూ కండ కూడా తగ్గి ఉంటుంది.

బంతి ఇచ్చే ముందు ఇవి చూడండి. ఒంటికాలి మీద నిలబడి వెనక్కి వంగితే నొప్పి రాకూడదు, రెండు కాళ్లతోనూ చూడాలి. సైడ్ ప్లాంక్ (మోచేయి మీద పక్కకు ఒరిగి ఒళ్లు నిటారుగా ఎత్తి పట్టడం) రెండు పక్కలా నిమిషం పైన, తేడా లేకుండా పట్టాలి. పూర్తి వేగంతో పరుగు తీసిన మరుసటి పొద్దున నడుము పట్టేయకూడదు. ఇందులో ఒక్కటి తప్పినా ఇంకో రెండు వారాలు జిమ్ పనే.

తర్వాత 12 వారాల లెక్క వేసుకోండి. మొదటి రెండు వారాలు రోజు మార్చి రోజు, వారానికి మూడు సార్లే. రెండు మూడు అంగల నడకతో, సగం వేగంతో 18 బంతులు. మూడు, నాలుగు వారాల్లో ఆరు అంగల రనప్ (బంతి వేసే ముందు పరుగు), 24 బంతులు. ఐదు నుంచి ఏడు దాకా సగం రనప్, 30 నుంచి 36 బంతులు, వేగం ముప్పావు. ఎనిమిది, తొమ్మిది వారాల్లో పూర్తి రనప్ ఇచ్చేటప్పుడు బంతులు మళ్లీ 24కు దించండి. చాలామంది పొరపాటు చేసేది ఇక్కడే. బంతులు, వేగం, రనప్ ఈ మూడింట్లో ఒక వారంలో ఒక్కటే గట్టిగా పెరగాలి. పది, పదకొండు వారాల్లో మూడు ఓవర్ల స్పెల్స్ (ఆపకుండా వేసే ఓవర్లు) రెండు, మధ్యలో 20 నిమిషాలు. వరసగా రెండు రోజులు వేయడం పన్నెండో వారంలో, అదీ ఒక్కసారే. మొదటి మ్యాచ్ 20 ఓవర్లదే కావాలి, నాలుగు ఓవర్లు మించకుండా. ఈ లెక్క డాక్టర్‌కు చూపించి, ఆయన సరే అన్నాకే మొదలుపెట్టండి.

నడుముకు రెండు పక్కలా సమానంగా ఉండి, ఒక రోజులో పోయే నొప్పి కండ నొప్పి. ఎడమ పక్క ఒకే చోట, వేలు పెట్టి చూపించేట్టు ఉంటే బంతులు తగ్గించడం కాదు, ఆపేయాలి. నొప్పి బిళ్ల వేసి మాత్రం బౌలింగ్ చేయించకండి. పూస సంగతి చెప్పేది ఆ నొప్పి ఒక్కటే, దాన్ని మూసేస్తే మీకు ఏమీ తెలియదు.

స్కోర్‌బుక్_తాడిపత్రి:
తొందరపడితే ఏమవుతుందో వాళ్ల నాయనకు బుమ్రా కథతోనే చెప్పండి. 2022 ఎండాకాలం తర్వాత నడుము నొప్పితో ఆగాడు. సెప్టెంబర్‌లో ఆస్ట్రేలియా మీద నాగపూర్, హైదరాబాద్ టీ20లు ఆడాడు, వెంటనే మళ్లీ నొప్పి, టీ20 వరల్డ్ కప్ పోయింది. 2023 జనవరిలో శ్రీలంక వన్డేలకు పేరు చేర్చి, సిరీస్ మొదలవ్వకముందే తీసేశారు. మార్చిలో న్యూజిలాండ్‌లో సర్జరీ. ఆ తర్వాతే పద్ధతి మారింది. జులైకి నెట్స్‌లో పూర్తి వేగం, ఆపైన ఎన్‌సీఏ (జాతీయ క్రికెట్ అకాడమీ) పెట్టిన ప్రాక్టీస్ మ్యాచ్‌లు, ఆగస్టు 18న డబ్లిన్‌లో ఐర్లాండ్ మీద నాలుగు ఓవర్ల టీ20. మొదటి ఓవర్లోనే రెండు వికెట్లు తీశాడు. 2024 టీ20 వరల్డ్ కప్‌లో 15 వికెట్లతో ప్లేయర్ ఆఫ్ ద టోర్నమెంట్ అయ్యాడు. మనిషి అదే, ప్రతిభ అదే. రెండోసారి మధ్యలో ఒక్క మెట్టు కూడా దాటేయలేదు.

షమీది ఇంకో పాఠం. మడమకు సర్జరీ అయ్యాక 2024 నవంబర్‌లో ఇండోర్‌లో బెంగాల్ తరఫున రంజీ ఆడి ఏడు వికెట్లు తీశాడు. అందరూ ఆస్ట్రేలియా పంపండన్నారు. కానీ ఆ ఒక్క మ్యాచ్‌లోనే 43 ఓవర్లు వేశాడు, వెంటనే ముస్తాక్ అలీ దేశవాళీ టీ20 టోర్నీలో తొమ్మిది మ్యాచ్‌లు ఆడాడు. మోకాలు వాచింది, పర్యటన పోయింది. పాత గాయం నయమైనా, ఒక్కసారిగా పెరిగిన బరువు ఇంకో చోట దెబ్బ కొట్టింది. వికెట్లు పడుతున్నాయి కదా అని ఓవర్లు పెంచకూడదనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

కడప_అవుట్‌స్వింగ్:
పైవాళ్లు బంతుల లెక్క చెప్పారు, నేను యాక్షన్ గురించి చెప్తా. పగులు ఎందుకొచ్చిందో చూడకుండా అదే యాక్షన్‌తో పంపితే మళ్లీ అదే చోటికి వస్తుంది. ఫోన్‌లో స్లో మోషన్ పెట్టి వెనక నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి వీడియో తీయండి. వెనక కాలు దిగినప్పుడు నడుము ఒకవైపు, భుజాలు ఇంకోవైపు చూస్తుంటే అది మిక్స్‌డ్ యాక్షన్. భుజాలు మళ్లీ వెనక్కి తిరిగి మెలి పడేది అక్కడే. సైడాన్ (ఒళ్లు పక్కకు తిప్పి వేయడం) అయినా ఫ్రంటాన్ (ఛాతీ బ్యాటర్ వైపు పెట్టి వేయడం) అయినా పర్వాలేదు, నడుము భుజాలు ఒకే దిక్కు ఉంటే చాలు. ఈ మార్పు నడకతో వేసే మొదటి నాలుగు వారాల్లోనే చేయాలి. వేగం పెరిగాక కాలు దిగే చోటు మార్చబోతే వేగం, యాక్షన్ రెండూ చెడతాయి.

ఆస్ట్రేలియా ఫాస్ట్ బౌలర్ డెన్నిస్ లిల్లీ 1973 వెస్టిండీస్ టూర్‌లో వెన్ను విరగ్గొట్టుకుని, ప్లాస్టర్ కట్టుతో ఉండి, యాక్షన్ సరిచేసుకుని 1974-75 యాషెస్‌లో (ఇంగ్లండ్ మీద టెస్టు సిరీస్) 25 వికెట్లు తీశాడు. కమిన్స్‌ది పిల్లోడికి తప్పకుండా చెప్పండి. 18 ఏళ్లకు 2011లో జోహానెస్‌బర్గ్‌లో మొదటి టెస్టు, ఏడు వికెట్లు, మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్. రెండో టెస్టు 2017 మార్చిలో, రాంచీలో. మధ్యలో ఐదేళ్లకు పైగా వెన్నూ ఇతర గాయాలూ తిన్నాయి. ఆ మనిషే 2023లో కెప్టెన్‌గా టెస్ట్ ఛాంపియన్‌షిప్పూ, వన్డే వరల్డ్ కప్పూ గెలిచాడు. 17 ఏళ్లకు ఒక సెలెక్షన్ పోతే ఏమీ పోదు.

అనంతపురం_నెట్స్:
చాలా థ్యాంక్స్ అందరికీ. ఈ 12 వారాలు బ్యాటింగ్, ఫీల్డింగ్ చేయించొచ్చా? మా నెట్స్ సిమెంట్ పిచ్, పైన మ్యాటింగ్.

ఫిజియో_కర్నూలు:
బ్యాటింగ్ చేయించండి, మొదట్లో త్రోడౌన్లతో (దగ్గర నుంచి చేత్తో విసిరే బంతులు). నెట్ బౌలర్ తక్కువైతే వీడిని పిలవడం మాత్రం వద్దు. ఫీల్డింగ్‌లో డైవ్‌లు, బౌండరీ నుంచి త్రోలు ఎనిమిదో వారం దాకా ఆపండి. పూర్తి రనప్ మొదలైనప్పటి నుంచి సిమెంట్ వదిలేసి టర్ఫ్ వికెట్ (మట్టి పిచ్) మీద గానీ, పక్క గడ్డి మీద గానీ వేయించండి. బూట్ల మడమ అరిగి ఉంటే ముందే మార్చండి. మన పక్క ఏప్రిల్, మే ఎండలో పొద్దున ఏడున్నరకంతా బౌలింగ్ అయిపోవాలి. అలసిపోయిన ఒళ్లు మొదట వంగేది ఎడమ పక్కకే.

విటమిన్ డి పరీక్ష ఒకసారి చేయించండి, తక్కువుంటే డాక్టర్ చెప్పిన మోతాదే వాడాలి. రాగి సంగటి, పాలు, పెరుగు, గుడ్లు రోజూ పడాలి.

స్కోర్‌బుక్_తాడిపత్రి:
ఇంకొకటి, వీధిలో సాయంత్రం టెన్నిస్ బాల్ ఆట. నెట్స్‌లో 24 వేసి, ఇంటి దగ్గర 60 వేస్తే మీ ప్లాన్ కాగితం మీదే ఉంటుంది. నోట్‌బుక్‌లో తేదీ, బంతులు, రనప్, మరుసటి పొద్దున నొప్పి పదికి ఎంత అని నాలుగు గడులు గీసి పిల్లోడి చేతికే ఇవ్వండి. వీధి బంతులు కూడా అందులోనే రాయాలి. ఆదివారం ఆదివారం వాళ్ల నాయన సంతకం పెట్టించండి.